తోసిన చెయ్యి, పట్టుకున్న చెయ్యి

"అరచేతులు చూపించు," అన్నాడు సొరూష్.

బెహ్మర్ద్ చూపించలేదు. గోడకి చేరగిలబడి కూచున్నవాడు చేతుల్ని మోకాళ్ళ మధ్య ఇంకా లోపలికి దోపుకున్నాడు.

"వాడి చేతులేం చూస్తారు సొరూష్ ఆగా, చేతలు చూడండి," అన్నాడు లాకప్ గుమ్మంలో నిలబడ్డ కెప్టెన్ లాచీని. "ఇద్దరి ఎముకలు విరగ్గొట్టాడు. మేకలు ఎత్తుకెళ్ళాడు. నల్లమందు అమ్మి యజ్ద్ జైల్లో ఉండొచ్చాడు. బెహ్మర్ద్ అంటే మంచి మనిషి అని కదూ? ఆ పేరు పెట్టినాయన బతికుంటే సిగ్గుతో చచ్చేవాడు."

"సిగ్గుతో కాదు, తాగి చచ్చాడు," అన్నాడు బెహ్మర్ద్ తలెత్తకుండా.

కెప్టెన్ నవ్వాపుకున్నాడు. సొరూష్ నవ్వలేదు.

రెండు రోజుల కిందట, దానిమ్మకాయల కోతల్లో, నర్గెసాబాద్ బడిపంతులు తీరందాజ్ మాస్టారు కనాత్ బావిలో పడి చనిపోయాడు. కనాత్ అంటే కొండ నుంచి ఊరికి నేల కిందుగా నీళ్ళు తెచ్చే కాలువ. దాని పొడుగునా పైకి తెరిచి నిలువు బావులుంటాయి. ఎవరి మంచితనం తూచాలన్నా ఊళ్ళో వాళ్ళు ఒక తక్కెట్లో మాస్టార్ని పెట్టి తూచేవాళ్ళు. బావి దగ్గర ఆయనతో ఉన్నది బెహ్మర్ద్ ఒక్కడే. ఇంకేం కావాలి? రాళ్ళు పుచ్చుకుని ఊరు ఊరంతా బయల్దేరితే, కెప్టెన్ లాచీని జీపు అడ్డం పెట్టి వాణ్ణి లాకప్‌కి తెచ్చాడు.

అయినా ఊరి పెద్దలకి నమ్మకం కుదర్లేదు. కెప్టెన్ పై ఊరివాడు, పైగా ముసల్మాను. అందుకని తెహ్రాన్ డిటెక్టివ్ శాఖలో పనిచేసే సొరూష్ నామ్‌దారిని పిలిపించారు. పక్క ఊరివాడు, తమలాగే అగ్నిగుడికి వెళ్ళేవాడు. మనవాడు.

"మాస్టారూ నువ్వూ కలిసి ఎందుకెళ్ళారు?" అడిగాడు సొరూష్.

"నీళ్ళు చూడ్డానికి."

"ఏం నీళ్ళు?"

"పిల్లలు చచ్చిపోయిన నీళ్ళు."

ఎండాకాలంలో జ్వరం వచ్చి బడిపిల్లలు ఇద్దరు పోయారు. బెహ్మర్ద్ దొంగ మేకల తోళ్ళని ఊరికి ఎగువన కాలువలో కడిగాడనీ, అందుకే నీళ్ళు విషమయ్యాయనీ అందరూ అన్నారు.

"కడిగావా?"

"కడిగాను. రెండుసార్లు."

"విన్నారా!" అన్నాడు కెప్టెన్.

"ఆ జ్వరం ఈ కాలువ నీళ్ళు తాగని ఊళ్ళకి కూడా వచ్చిందని డాక్టరు చెప్పాడు," అన్నాడు సొరూష్.

"అయినా కడిగాడుగా?"

"కడిగాడు," ఒప్పుకున్నాడు సొరూష్. తర్వాత బెహ్మర్ద్ ముందు గొంతుక్కూచున్నాడు. "చూడు తమ్ముడూ. నిన్ను కొట్టడానికి రాలేదు, కాపాడ్డానికీ రాలేదు. చేతులు చూసి పోతాను."

'తమ్ముడూ' అన్న మాటకేమో బెహ్మర్ద్ ఒక్కసారి మొహంలోకి చూశాడు. మెల్లిగా చేతులు తెరిచాడు. రెండు అరచేతులకీ అడ్డంగా ఎర్రటి గీత. దారంతో కోసినట్టు చర్మం లేచిపోయింది.

"పెనుగులాటలో పడుంటుంది," అన్నాడు కెప్టెన్.

"తోసేవాడి అరచేతికి ఇలాంటి కోత పడదు కెప్టెన్ గారూ. జారిపోతున్న దాన్ని వదలకుండా పట్టుకున్నవాడికి పడుతుంది."

"దేన్ని?"

సొరూష్ తన చొక్కా ఎత్తి నడుము చూపించాడు. లోచొక్కా మీద మూడు చుట్లు చుట్టి ముందూ వెనకా ముడేసిన తెల్లటి ఊలుతాడు. అగ్నిని కొలిచే మా మతంలో పుట్టినవాళ్ళు ఊహ తెలిసినప్పట్నించీ కట్టుకునే కొష్తీ.

"మాస్టారి శవానికి స్నానం చేయించినవాళ్ళని అడిగాను. నడుముకి వెనక ముడి ఉన్న కాస్త ముక్కే మిగిలిందట. తక్కిన తాడు లేదు. బావి గట్టు మీద మట్టిలో ఊలు పోగులు నాలుగు దొరికాయి."

కెప్టెన్ పిస్తా నమలడం ఆపాడు. "అన్నీ బాగానే ఉన్నాయి. కానీ నాకు కళ్ళారా చూసిన సాక్షి ఉంది. మీ ఊలు పోగులకి నోరుందా?"

"పదండి. నోరున్న సాక్షి దగ్గరికే వెళ్దాం."

* * *

సాక్షి పేరు ఖోర్మన్. డెబ్బై దాటిన విధవరాలు. ఆమె ఇల్లు ఊరికి పడమటి కొస. మిద్దె మీద దానిమ్మ తొక్కలు ఎండబోసుకుంటూ అంతా చూసింది. అక్కణ్ణించి బావి గట్టుకి మధ్య అడ్డమేమీ లేదు, ఒక్క బీడు తప్ప. పొద్దు వాలే వేళ. గట్టు వెనక నుంచి ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది.

"నీ చూపు ఎలా ఉంది పిన్నీ?" అడిగాడు సొరూష్.

"సూదిలో దారం ఎక్కిస్తా. నువ్వు ఎక్కించగలవా?"

"లేను. ఆ రోజు ఏం చూశావో చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను నాయనా? ఇద్దరూ మా గుమ్మం ముందు నుంచే వెళ్ళారు. గట్టు మీద నిలబడ్డారు. మాస్టారు వాడికేదో మంచి చెబుతున్నాడు. వాడు ఒక్కసారి మీదపడి తోశాడు. మా బంగారుకొండ పడిపోయాడు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మొహాలు కనబడ్డాయా?"

"అప్పుడూ ఇదే ఎండ, మొహాలెక్కడ కనిపిస్తాయి? నల్లగా నీడల్లా ఉన్నారు. అయితే ఎవరేం చేశారో తెలియదా ఏంటి!"

సొరూష్ కెప్టెన్ని తీసుకుని గట్టు మీదికి వెళ్ళాడు. జవానుల చేత బావి మీద తలుపు చెక్క వేయించాడు. దూరం నుంచి ఎవరెవరో తెలియకుండా కెప్టెన్‌ని టోపీ తీసేయమన్నాడు.

"నేను మిమ్మల్ని బావి వైపు తోస్తాను. మీరు పక్కకి తప్పుకోండి. ఆ ఊపులో నేను ముందుకి పోతాను. అప్పుడు నన్ను వెనకనించి నడుము దగ్గర పట్టుకుని లాగండి. అంతే."

"నన్ను తోయాలని మీకు ఎప్పట్నించి ఉందో ఇవాళ తీరుతోంది," అన్నాడు కెప్టెన్.

"ఎవరి సరదా వాళ్ళది. కానివ్వండి."

చేశారు. కెప్టెన్ గట్టివాడు. సొరూష్ చెక్క మీదికి తూలినప్పుడు బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజి నిలబెట్టాడు. మళ్ళీ ఇద్దరూ బీడు దాటి మిద్దె ఎక్కేసరికి ఖోర్మన్ మండిపడుతూ ఎదురొచ్చింది. సొరూష్ మీద కాదు.

"నీకు సిగ్గులేదటయ్యా కెప్టెనూ? వయసులో పెద్దవాడు, ఊరి మంచి కోసం వచ్చినవాడు! ఏదో ఆట అనుకుంటే నిజంగానే తోస్తావా?"

"నేనా!" కెప్టెన్ మొహం ఎర్రబడింది. "ఆయన తోశాడమ్మా! పడిపోతుంటే నేను పట్టుకున్నాను!"

"చాల్లే. చూసిన కళ్ళకి చెబుతున్నావా?"

"పిన్నీ," అన్నాడు సొరూష్ నెమ్మదిగా. "కెప్టెన్ గారు చెప్పింది నిజం. తోసింది నేను. కాపాడింది ఆయన."

ఖోర్మన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నువ్వెందుకు తోస్తావు నాయనా? నువ్వు మనవాడివి కదా."

ఆ మాట తన చెవినే పడ్డట్టుంది ముసలామెకి. దానిమ్మ తొక్కల పక్కనే చతికిలబడింది.

"అయితే ఆ రోజు నేను చూసిందేంటి?" అంది. "అగ్ని ముందు ఒట్టేసి చెప్పానే. అందరికీ చెప్పానే. రాళ్ళు పుచ్చుకు బయల్దేరింది నా మాట మీదే కదా."

మెట్లు దిగుతూ కెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి, లోపల ఏముందో అన్నట్టు చూసుకున్నాడు.

"ఈ ఊళ్ళో జ్వరం వస్తే మంచు పెట్టెలు మోయించాను. దొంగల్ని పట్టాను. ఇంకా నేను తోసేవాణ్ణే అన్నమాట," అన్నాడు. గొంతులో కోపం కన్నా ఇంకేదో ఎక్కువగా ఉంది.

* * *

లాకప్‌లో ఈసారి సొరూష్ తాడేదని అడగ్గానే బెహ్మర్ద్ ఉన్ని టోపీ తీశాడు. అస్తరు విప్పి లోపలి నుంచి నలిగిపోయిన తెల్లటి తాడు తీసి సొరూష్ చేతిలో పెట్టాడు. జవాన్లు జేబులు వెతికారే గాని టోపీ వెతకలేదు.

"మీకెలాగూ తెలిసిపోయింది," అన్నాడు. "నీళ్ళెందుకు చెడ్డాయో చూద్దాం రమ్మన్నాడు. నన్ను ఏ పనికీ ఎవరూ పిలవరు సారూ. సంతోషంగా వెళ్ళాను. గట్టు మీద నిలబడి, 'బెహ్మర్ద్, నన్ను క్షమించు, నీ మీద కోపం కాదు, పిల్లల కోసం' అన్నాడు. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే తోశాడు."

"నువ్వు తప్పుకున్నావు."

"ఒళ్ళు దానంతటదే తప్పుకుంది. జైల్లో అలవాటు. ఆయన ముందుకి పోయాడు. చొక్కా పట్టుకుంటే చినిగింది. తాడు చేతికి దొరికింది. పట్టుకున్నాను సారూ." అరచేతులు చూసుకున్నాడు. "తెగింది."

కెప్టెన్ గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. సొరూష్ అడిగాడు: "ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నమ్మేవారా?"

సొరూష్ తాడుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉంది. రెండో తరగతి దాకా ఆయన దగ్గరే చదివాను. నా చెయ్యి పట్టుకుని సున్నా చుట్టడం నేర్పాడు. అంతటివాడు చివర్లో ఈ పని చేశాడని నా నోటితో ఎలా చెప్పను? ఊళ్ళో వాళ్ళకి నేనెలాగూ చెడ్డే. ఆయనొక్కడే మంచి. అది కూడా లేకపోతే ఇంకేం మిగుల్తుంది?"

వరండాలోకి వచ్చాక సొరూష్ అన్నాడు: "వాణ్ణి వదిలెయ్యండి కెప్టెన్ గారూ."

"రెండ్రోజులు ఆగుదాం."

"నిర్దోషిని ఒక్క పూటైనా ఉంచే హక్కు మనకి లేదు."

"నిర్దోషి! పొద్దున్న వాడు దయ్యం. ఇప్పుడు దేవదూత. సొరూష్ ఆగా, ఇందాక మిద్దె మీద ముసలమ్మ చేసిన పనే మీరూ చేస్తున్నారు, తిరగేసి. వాడు మేకల దొంగే. తోళ్ళు కడిగినవాడే. ఒక మనిషి కోసం చెయ్యి తెగేదాకా పట్టుకున్నవాడూ వాడే. అదంతా మనిద్దరికే తెలుసు. ఊరికి తెలీదు. తెలిసేదాకా వాడికి నా లాకప్పే క్షేమం."

"మీకు తప్పయిందని ఒప్పుకోవడం కష్టంగా ఉంది. అంతే."

కెప్టెన్ మొహం బిగుసుకుంది. తాళంచెవి తీసి జవాను మీదికి విసిరాడు.

బెహ్మర్ద్ సాయంత్రమే ఇంటికి వెళ్ళిపోయాడు. ఊరికి చెప్పే ముందు మాస్టారి భార్యకి చెప్పాలనుకున్నాడు సొరూష్. కానీ ఆ రాత్రి చనిపోయినవాడి కోసం మూడో రాత్రి ప్రార్థనలు. నాలుగో తెల్లవారుజామున గాని ప్రాణం ఈ లోకం వదిలి వెళ్ళదని మా నమ్మకం. ఆయన ప్రాణం గడపలో ఉండగా ఆయన చేసిన పని ఆమెకెలా చెప్పడం? రేపు పొద్దున చెబుతాననుకున్నాడు. మర్యాద కోసం ఆగాడు. ఆ మర్యాదని ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తిట్టుకున్నాడు.

* * *

పొద్దెక్కాక కబురు పెడితే మాస్టారి భార్య మోర్వారీద్ ఖానుం అగ్నిగుడి అతిథిగదికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నాలుగో రోజు పూజకి పొయ్యి దగ్గర పనిచేసి వచ్చినట్టుంది. ఒంటి నిండా నూనె వాసన, సదాపాకు వాసన.

సొరూష్ తాడు చూపించాడు.

"నేను నేసిందే," అంది వెంటనే. "చివరి కుచ్చు ఎడమ వైపుకి తిప్పి ముడేస్తాను. ఎక్కడ దొరికింది అన్నా?"

చెప్పాడు. దాచకుండా, పెంచకుండా, మొదటి నుంచి చివరిదాకా. ఆమె అరవలేదు, ఏడవలేదు. తాడుని ఒళ్ళో పెట్టుకుని, తెగినచోట విడిపోయిన పోగుల్ని వేళ్ళతో ఒకదాని పక్కన ఒకటి పెడుతూ వింది.

"తెలుసు," అంది చివరికి.

"ఏం తెలుసు?"

"ఆయన వాణ్ణి చంపడానికే వెళ్ళాడని. పిల్లలు పోయినప్పట్నించీ నిద్రపోలేదు. ఆ పొద్దున ప్రార్థన చేసి, కొష్తీ ముడేసుకుంటూ నన్నడిగాడు: 'మోర్వారీద్, చెడుని చంపితే పాపమా?' కాదన్నాను. నా చిన్నప్పుడు మా అమ్మ నా చేత తేళ్ళని ఏరి చంపిస్తూ అదే చెప్పింది. అదే అన్నాను." ఇంకో పోగు సరిచేసింది. "ఒకటి చెప్పు అన్నా. మనిషి పుట్టడమే ఇలా పుడతాడా? మా ఆయన అనేవాడు, పిల్లలకి అన్నీ నేర్పాలి గాని ఇదొక్కటీ నేర్పక్కర్లేదని. కథలో రాజూ పామూ రాగానే, కథ ఏంటో వినకముందే, ఎవర్ని కొట్టాలో చెప్పేస్తారట. నవ్వుకుంటూ చెప్పేవాడు. ఎప్పుడూ ఒక్క పిల్లాడైనా, పాము ఏం చేసిందని అడగలేదట."

"నాకు తెలీదమ్మా. నేను ఇన్నేళ్ళుగా దొంగల్ని పడుతున్నాను. మొదటి చూపులోనే మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ విడదీసేస్తుంది మనసు. రెండోసారి చూడ్డమే కష్టపడి నేర్చుకోవాలి. ఎప్పుడూ ఆలస్యంగానే నేర్చుకుంటాం."

"వాడు ఆయన్ని పట్టుకున్నాడంటావు."

"పట్టుకున్నాడు. అరచేతులు చూశాను."

ఆమె చేతులు పోగుల మీద ఆగిపోయాయి.

"అన్నా," అంది. "తెల్లారి పూజ అయ్యాక అందరికీ పంచే సీరోగ్ నూనెరొట్టెలు తీసుకుని వాడింటికి వెళ్ళాను."

సొరూష్ లేచి నిలబడ్డాడు.

"వాడి కోసం వేరేగా వేయించినవి. కొట్లో ఎలకల మందు ఉంటే... మా ఆయన మొదలుపెట్టి పూర్తి చేయలేని పని అనుకున్నాను. పుణ్యమే అనుకున్నాను. వాడు రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే నాకు ఇంకా అసహ్యం వేసింది అన్నా!"

కెప్టెన్ జీపు గుడి బయటే ఉంది. సొరూష్ సగం మాటలోనే కెప్టెన్‌కి అర్థమైంది. మోర్వారీద్ వద్దన్నా వినకుండా వెనక ఎక్కింది. బీడు మీద జీపు ఎగిరెగిరి పడుతుంటే కెప్టెన్ ఒక్కసారైనా 'నేను చెప్పలేదూ' అనలేదు. అని ఉంటే సొరూష్‌కి తేలిగ్గా ఉండేది.

బెహ్మర్ద్ ఇల్లు ఊరికి దూరంగా, పాత మట్టిగోడల మధ్య. తలుపు బార్లా తెరిచుంది. ఇంటి ముందు రొట్టెల గుడ్డ పరిచి ఉంది. దాని పక్కన వాడు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఎదురుగా బూడిదరంగు కుక్క కాళ్ళు చాపి పడుంది. కదలడంలేదు.

"తిన్నావా?" అని అరిచాడు సొరూష్ జీపు ఆగకముందే దూకుతూ. "బెహ్మర్ద్! తిన్నావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

మా ఇళ్ళలో కుక్కకి పెట్టకుండా మనిషి ముద్ద నోట్లో పెట్టుకోడు. వాడు అన్ని నియమాలూ తప్పినవాడే, నడుముకి కొష్తీ కూడా కట్టడం మానేసినవాడే, కానీ ఆ నియమం మాత్రం ఉంది. మొదటి ముక్క కుక్కకి వేశాడు. రెండో ముక్క ఇంకా చేతిలోనే ఉంది.

కెప్టెన్ వచ్చి ఆ ముక్కని వేళ్ళలోంచి జాగ్రత్తగా తీసుకున్నాడు. కుక్క వైపు చూశాడు. గుడ్డ వైపు చూశాడు. పూజ గుడ్డ అది. అంచున అల్లిక ఉంది.

"ఈ రొట్టెలు ఎవరిచ్చారు?"

బెహ్మర్ద్ చూపు కెప్టెన్ భుజం మీదుగా వెళ్ళి, జీపు దిగి నిలబడ్డ మోర్వారీద్ మీద ఆగింది. తెగిన తాడు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వాడు గబగబా లేచాడు, పెద్దవాళ్ళు వస్తే లేచినట్టు. మోకాళ్ళకి అంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు సారూ," అన్నాడు. "గుడి దగ్గర నేనే ఎత్తుకొచ్చాను. దొంగబుద్ధి కదా. కుక్క సంగతంటారా, అది ముసలిదైపోయింది. పొద్దున్నించీ ఒంట్లో బాగోలేదు దానికి."

కెప్టెన్ సొరూష్ వైపు చూశాడు. సొరూష్ కెప్టెన్ వైపు చూశాడు. వాడి మాట వాళ్ళిద్దరూ నమ్మితే సరిపోతుంది. అక్కడ నాలుగో మనిషి నోరు తెరవకపోతే సరిపోతుంది.

మోర్వారీద్ ముందుకు నడిచింది. కుక్క పక్కన కూచుని దాని చెవి మీద చెయ్యి వేసింది. మా మతంలో అన్ని పాపాలకీ వేరు అబద్ధం. అది ఆమెకి పాలతో పాటు పట్టిన మాట. ఇంత మంచి అబద్ధం ఉంటుందని ఎవరూ ఆమెకి చెప్పలేదు.

"ఇది ముసలిది కాదు," అంది. "ఇంకా పళ్ళు కూడా అరగలేదు. వాడు అబద్ధం చెబుతున్నాడు కెప్టెన్ గారూ."

తాడు నేల మీద పెట్టి, రెండు చేతులూ కెప్టెన్ ముందుకు చాపింది.